పేగు వాపు జబ్బుల్లో ఖనిజ లవణాలు: ఏ మాత్ర, ఎప్పుడు, ఎంత?

షుగరు, బీపీ, థైరాయిడ్ గురించి మన ఇళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. ఐబీడీ అనగానే మాత్రం "గ్యాస్ ట్రబులా?" అనో, "అదే, ఐబీఎస్సేగా?" అనో అడుగుతారు. రెండూ కాదు. ఐబీఎస్‌లో పేగు పనితీరు గాడి తప్పుతుంది గాని పేగు గోడకు పుండు పడదు, రక్తం పోదు. ఐబీడీలో పేగు గోడే వాచిపోయి పుండ్లు పడుతుంది. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. అల్సరేటివ్ కోలైటిస్ పెద్దపేగుకే పరిమితమవుతుంది; మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది. క్రోన్స్ వ్యాధి నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగంలో కనిపిస్తుంది. 1932లో అమెరికాలో బరిల్ క్రోన్ అనే వైద్యుడు మరో ఇద్దరితో కలిసి దీన్ని వివరించాడు కాబట్టి ఆ పేరు వచ్చింది. మన దేశంలో ఇంకో చిక్కు ఉంది. పేగులో వచ్చే టీబీ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది. అందుకే మన డాక్టర్లు స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు టీబీ కాదని తేల్చుకోవడానికి సమయం తీసుకుంటారు. ఆ ఆలస్యాన్ని తప్పుపట్టకండి.

ఈ జబ్బులు ఎక్కువగా పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య బయటపడతాయి. అంటే ఇంజినీరింగ్ చదివే మన పిల్లలు, ప్రొబేషన్‌లో ఉన్న ఆఫీసర్లు, కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు. మలంలో రక్తం కనిపిస్తే ఆ వయసులో సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. చెప్పినా "మొలలై ఉంటాయి, కారం తగ్గించు" అంటారు. ఆరు నెలలకో ఏడాదికో మనిషి పాలిపోయి, మెట్లెక్కితే ఆయాసపడుతుంటే అప్పుడు "రక్తం తక్కువగా ఉంది" అని ఐరన్ మాత్రలు కొంటారు. రక్తం ఎక్కడికి పోతోందన్న ప్రశ్న ఎవరూ వేయరు. మా వారి ట్రాన్స్‌ఫర్ల పుణ్యమా అని నాలుగు ఊళ్ల ఆసుపత్రుల్లో డైటీషియన్‌గా పనిచేశాను. నాలుగు ఊళ్లలోనూ ఇదే వరస.

జమా ఖర్చులు

మనది లెక్కలు తెలిసిన కుటుంబం కనుక లెక్కతోనే మొదలుపెడదాం. ఆరోగ్యవంతుడి రక్తంలో ఒక మిల్లీలీటరుకు సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. రోజుకు రెండు చెంచాలు, అంటే పది మిల్లీలీటర్ల రక్తం మలంలో పోతే అయిదు మిల్లీగ్రాముల ఇనుము ఖర్చు. మరి జమ ఎంత? మామూలుగా మన తిండిలోంచి శరీరం రోజుకు ఒకటి, రెండు మిల్లీగ్రాములే గ్రహించగలదు. కంచంలో ఎంత వడ్డించినా పేగు తీసుకునేది ఇంతే. రోజూ జమ రెండు, ఖర్చు అయిదు ఉన్న ఖాతా ఎన్నాళ్లు నిలుస్తుంది? పొదుపుగా దాచుకున్నది కాలేయంలోనూ, ఎముక మజ్జలోనూ కొంత ఉంటుంది. ముందు అది కరుగుతుంది. ఆ తర్వాతే హిమోగ్లోబిన్ పడిపోతుంది. రిపోర్టులో హిమోగ్లోబిన్ తగ్గినట్టు కనిపించేనాటికి నిల్వలు ఎప్పుడో అయిపోయి ఉంటాయన్నమాట.

ఇందులోనే బెల్లం, బీట్‌రూట్ సంగతి కూడా చెప్పేస్తాను. బీట్‌రూట్ ఎరుపుకూ ఇనుముకూ సంబంధం లేదు. పైగా అది తిన్న మర్నాడు మలం ఎర్రగా వచ్చి, కోలైటిస్ ఉన్నవాళ్లు మళ్లీ రక్తం పడుతోందని హడలిపోతారు. బెల్లంలో కొంత ఇనుము ఉన్న మాట నిజమే గాని మనం తినే చిన్న ముక్కలో వచ్చేది చాలా కొద్ది. ఇవి తినొద్దని కాదు. వీటితో ఈ లోటు పూడదు.

లీన్ వేసిన ఖాతా

ఇక అసలు తిరకాసుకి వద్దాం. చాలామంది పొరపడేది ఇక్కడే. శరీరంలో ఎక్కడైనా వాపు, మంట ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. ఈ హార్మోన్ సంగతి 2000 ప్రాంతంలోగాని తెలియలేదు. ఇది రెండు పనులు చేస్తుంది. పేగులోంచి ఇనుము లోపలికి రాకుండా తలుపు వేస్తుంది. నిల్వ కణాల్లో ఉన్న ఇనుము బయటికి పోకుండా తాళం వేస్తుంది. సూక్ష్మజీవులు బతకడానికి కూడా ఇనుము కావాలి. వాటికి అందకుండా దాచేయడానికి శరీరం నేర్చుకున్న ఉపాయమిది. నాలుగు రోజుల జ్వరంలో అది మేలు చేస్తుంది. ఏళ్ల తరబడి వాచి ఉన్న పేగు విషయంలో అదే శాపమవుతుంది. ఖాతాలో బ్యాలెన్స్ కనిపిస్తుంది, లీన్ మార్క్ చేసి ఉంటుంది, డ్రా చేయలేం. మనవాళ్లకు ఇంతకంటే వివరించనక్కర్లేదు.

ఈ బ్యాలెన్స్‌ను చూపించే పరీక్ష పేరు ఫెరిటిన్. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఫెరిటిన్ 30 కంటే తక్కువ ఉంటే ఇనుము లోటు ఉన్నట్టే. వాపు ఉన్నప్పుడు మాత్రం ఫెరిటిన్ తనంతట తానే పెరుగుతుంది. అందుకే జబ్బు చురుగ్గా ఉన్న ఐబీడీ రోగిలో ఫెరిటిన్ 100 దాకా ఉన్నా లోటు ఉండవచ్చని భావించి చూడాలని నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ల్యాబ్ కాగితంలో "నార్మల్ రేంజ్" ఎదురుగా ఉన్న అంకెలు మామూలు మనుషుల కోసం వేసినవి.

ఉదాహరణకు ఒక రిపోర్టు ఊహించుకుందాం. ముప్పై ఏళ్ల అమ్మాయి, క్రోన్స్ వ్యాధి. హిమోగ్లోబిన్ 9.2, ఫెరిటిన్ 68, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 9 శాతం, సీఆర్‌పీ బాగా పెరిగి ఉంది. ఇంట్లోవాళ్లు ఫెరిటిన్ దగ్గర నలుపు అక్షరాలు చూసి "ఇది నార్మలే కదా మేడమ్" అంటారు. కాని సీఆర్‌పీ పెరిగిందంటే వాపు ఉంది, కాబట్టి ఆ 68ని నమ్మలేం. సాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉందంటే రక్తంలో తిరిగే ఇనుము చాలా తక్కువ. ఈ అమ్మాయికి ఇనుము లోటూ ఉంది, ఉన్న కాస్తకూ లీనూ పడింది. ఫెరిటిన్ ఒక్కటే చేయించి ఊరుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడదు. సాచురేషన్, సీఆర్‌పీ కలిపి చేయించమని డాక్టర్ గారిని మీరే అడగవచ్చు. అందులో మర్యాద తప్పేదేమీ లేదు.

మాత్రా, సెలైనా?

ఆ అమ్మాయికి ఐరన్ మాత్ర ఇస్తే ఏమవుతుంది? తలుపు వేసి ఉంది కనుక లోపలికి పోయేది కొద్ది. మిగిలినదంతా పేగులోనే ఉండిపోతుంది. కడుపునొప్పి, వికారం, మలబద్ధకమో విరేచనమో మొదలవుతాయి. అది మాత్ర వల్లో జబ్బు తిరగబెట్టడం వల్లో తేల్చుకోవడం కష్టం. పేగులో మిగిలిపోయిన ఇనుము వాపును ఎగదోస్తుందని జంతువులపై చేసిన ప్రయోగాలు సూచించాయి. అందుకే జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు, హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువ ఉన్నప్పుడు, మాత్రలు పడనప్పుడు ఇనుమును నేరుగా నరంలోకి ఎక్కించడమే మొదటి మార్గం. జబ్బు సద్దుమణిగి ఉండి, రక్తహీనత స్వల్పంగా ఉంటే మాత్రలు చక్కగా పనిచేస్తాయి.

ఎక్కించే ఇనుములో మన దగ్గర ఎక్కువగా వాడేవి రెండు. ఐరన్ సుక్రోజ్ ఒక్కో విడతకు 200 మిల్లీగ్రాముల చొప్పున కొన్ని సార్లు వెళ్లాల్సి వస్తుంది. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ అయితే ఒకే విడతలో 1000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వగలరు. ఖరీదు ఎక్కువ, కాని సెలవు పెట్టాల్సిన రోజులు తగ్గుతాయి. మొత్తం లోటు మనిషి బరువును, హిమోగ్లోబిన్‌ను బట్టి సాధారణంగా 1000 నుంచి 2000 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. పాతకాలపు ఇంజక్షన్లకు కొందరిలో తీవ్రమైన అలర్జీ వచ్చేది. ఇప్పటివి చాలా మెరుగు. అయినా ఇంట్లోనో, పక్కవీధి కాంపౌండర్ దగ్గరో ఎక్కించుకునేవి కావు. అత్యవసర మందులు, చూసుకునే మనుషులు ఉన్నచోటే చేయించుకోవాలి. ఎక్కించేటప్పుడు సూది దగ్గర మంట పుడితే వెంటనే చెప్పాలి. మందు చర్మం కిందికి కారితే గోధుమరంగు మచ్చ చాలాకాలం ఉండిపోతుంది. ఇంకో మాట: కార్బాక్సీమాల్టోజ్ తరువాత కొందరిలో రక్తంలోని ఫాస్ఫేటు పడిపోతుంది. హిమోగ్లోబిన్ పెరిగినా నీరసం, ఎముకల నొప్పి తగ్గకపోతే ఒకసారి ఫాస్ఫేటు చూపించుకోండి. అది కూడా ఖనిజ లవణమే, దాని ఊసెత్తేవాళ్లు తక్కువ.

ఆసుపత్రికి వెళ్లేముందు ఇది మీ మెడికల్ పాలసీలో డే-కేర్ కింద వస్తుందో రాదో రాతపూర్వకంగా కనుక్కోండి. పూట పనే కనుక అడ్మిషన్ కాగితాలు ఉండవు. తరువాత బిల్లు దగ్గర పేచీ వచ్చేది అక్కడే.

మాత్రలే రాసిచ్చినప్పుడు చీటీ మీద ఉండే అంకెను చూసి మోసపోవద్దు. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఇనుము 65 మిల్లీగ్రాముల చిల్లర. మిగతాది లవణంలోని ఇతర భాగం. ఐబీడీ ఉన్నవారికి రోజుకు 100 మిల్లీగ్రాముల అసలు ఇనుము మించనవసరం లేదు. రోజుకు మూడుసార్లు వేసుకుంటే త్వరగా రక్తం పడుతుందన్న పాత నమ్మకం తప్పని తేలింది. ఒక మోతాదు పడగానే హెప్సిడిన్ పెరిగి దాదాపు ఒక రోజు తలుపు వేసి ఉంచుతుంది. తరువాతి మాత్రలు వృథా, పైగా కడుపులో బాధ. అందుకే ఇప్పుడు రోజుకు ఒకటి, లేదా రోజు విడిచి రోజు ఇస్తున్నారు. నిమ్మరసం తోడైతే మేలు. కాఫీ, టీలకు కనీసం గంట దూరం ఉంచాలి. మాత్రలు వాడుతున్నప్పుడు మలం నల్లబడటం మామూలే. తారులా జిగటగా, దుర్వాసనతో వస్తే అది లోపలి రక్తస్రావం కావచ్చు, ఆగకూడదు.

చికిత్స మొదలుపెట్టిన నాలుగు వారాలకు హిమోగ్లోబిన్ దాదాపు రెండు గ్రాములు పెరగాలి. పెరగకపోతే మాత్ర మార్చడం కాదు, పేగు వాపు ఎంతవరకు తగ్గిందో చూడాలి. వాపు తగ్గితే లీన్ దానంతటదే తొలగుతుంది.

ఎముకల ఖాతా

జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లు ఇస్తారు. అవి ప్రాణం నిలబెట్టే మందులు, కాని ఎముకల్లోని కాల్షియాన్ని తోడేస్తాయి. పేగు కాల్షియాన్ని పీల్చుకోవడం కూడా తగ్గిస్తాయి. దీనికి తోడు రోగి భయపడి పాలు, పెరుగు మానేస్తాడు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. పాలు పెరుగు లేకుండా మన భోజనంలో అందులో సగం రావడం కూడా కష్టమే. కాబట్టి స్టెరాయిడ్ మొదలైన రోజు నుంచే కాల్షియం, విటమిన్ డి జతగా రాయించుకోవాలి. మూడు నెలలకు మించి స్టెరాయిడ్ వాడాల్సివస్తే ఎముక సాంద్రత చూసే డెక్సా పరీక్ష గురించి అడగాలి. పాలు పడకపోతే చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. అవి కూడా ఒకేసారి మానేయకుండా కొద్దిగా తిని చూసుకోవచ్చు.

కాల్షియం మాత్రల్లో కార్బొనేట్ చవక, అన్నంతో పాటు వేసుకోవాలి. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. ఎసిడిటీకి రోజూ ప్యాంటాప్రజోల్ లాంటివి వాడేవాళ్లకు సిట్రేట్ రకం మెరుగు. ఒకేసారి 500 మిల్లీగ్రాములకు మించి వేసుకుంటే ఒంటికి పట్టేది తగ్గుతుంది, రెండు పూటలా పంచుకోవాలి. విటమిన్ డి విషయంలో ఒక హెచ్చరిక. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల పొట్లం కొన్ని వారాలకే రాస్తారు. ఆ చీటీ పట్టుకుని ఏడాది పొడవునా కొనుక్కునేవాళ్లు, రోజుకొకటి వేసుకునేవాళ్లు కూడా ఉన్నారు. రక్తంలో కాల్షియం మితిమీరి కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం అది.

కిడ్నీ అంటే గుర్తొచ్చింది. క్రోన్స్ వల్ల చిన్నపేగు చివరి భాగం దెబ్బతిన్నా, ఆపరేషన్లో తీసేసినా కొవ్వు సరిగా అరగదు. ఆ కొవ్వు కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. మామూలుగా కాల్షియంతో కలిసి మలంలో పోవాల్సిన ఆక్సలేట్ ఒంటరిగా మిగిలి, రక్తంలోకి చేరి, కిడ్నీలో రాయి కడుతుంది. రాళ్లు ఉన్నాయి కదా అని కాల్షియం మానేస్తే ఇలాంటివారిలో రాళ్లు ఇంకా పెరుగుతాయి. కాల్షియాన్ని అన్నంతోనే తీసుకోవాలి, పాలకూర తగ్గించాలి, నీళ్లు బాగా తాగాలి. "రక్తం పడుతుంది, రోజూ పాలకూర పప్పు చెయ్యమ్మా" అని కోడలికి చెప్పే అత్తగార్లు ఈ పేరా ఇంకోసారి చదవగలరు.

రాగి జావ ఎముకలకు మంచిదే. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దరిదాపు కాల్షియం ఉంటుంది. మొలకెత్తించి ఎండబెట్టి పిండి పట్టిస్తే ఖనిజాలు ఒంటికి పట్టకుండా అడ్డుపడే ఫైటేట్లు తగ్గుతాయి. పేగు సన్నబడినవారు మాత్రం జల్లించిన పిండే వాడాలి. కోస్తా జిల్లాల వాళ్లకు మెత్తళ్లు కూడా మంచి వనరు, ముళ్లతో సహా తింటాం కనుక.

జింకు, తదితరాలు

జింకు మనిషికి అవసరమని ప్రపంచానికి చెప్పినవాడు మన దేశస్థుడే. బీహార్‌లోని బక్సర్‌లో పుట్టిన ఆనంద ప్రసాద్ 1960 దశకం ఆరంభంలో ఇరాన్, ఈజిప్టుల్లో ఎదుగుదల ఆగిపోయిన యువకులను పరీక్షించి, జింకు లోపాన్ని గుర్తించారు. విరేచనాలు ఎక్కువైనకొద్దీ జింకు పోతుంది. నోటికి రుచి తెలియకపోవడం, జుట్టు ఊడటం, నోటి చుట్టూ చర్మం పగలడం, పుండ్లు మానకపోవడం దీని గుర్తులు. పిల్లల్లో అయితే ఎత్తు ఆగిపోతుంది. ఐబీడీ ఉన్న పిల్లవాడి ఎత్తును ప్రతి మూడు నెలలకోసారి గోడమీద గీత గీసైనా సరే రాసుకోండి. రక్తపరీక్ష కంటే ముందు ఆ గీతే చెబుతుంది.

జింకుకు కూడా ఫెరిటిన్ లాంటి చిక్కే ఉంది, తిరగేసి. వాపు ఉన్నప్పుడు రక్తంలో జింకు విలువ తగ్గినట్టు కనిపిస్తుంది, లోపం లేకపోయినా. అందుకని గుర్తులు కూడా చూసే డాక్టర్లు కొద్ది వారాలకు ఇస్తారు. కోవిడ్ రోజుల్లో అలవాటైన 50 మిల్లీగ్రాముల మాత్రను నెలల తరబడి కొనసాగిస్తే శరీరంలో రాగి తగ్గిపోతుంది. రాగి తగ్గితే మళ్లీ రక్తహీనత, కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం. అప్పుడు ఐరన్ ఎంత ఎక్కించినా ఫలితం ఉండదు.

మెగ్నీషియం, పొటాషియం రెండూ విరేచనాలతోనే పోతాయి. స్టెరాయిడ్లు పొటాషియాన్ని, ఏళ్ల తరబడి వాడే ఎసిడిటీ మాత్రలు మెగ్నీషియాన్ని తగ్గించగలవు. పిక్కలు పట్టేయడం, గుండె దడ వస్తే రెండూ పరీక్ష చేయించాలి. మెగ్నీషియం తక్కువగా ఉన్నంతకాలం పొటాషియం, కాల్షియం ఎంత ఇచ్చినా నిలవవు. అలాగని మెగ్నీషియం మాత్రలు సొంతంగా కొనకండి. విరేచనానికి వాడే తెల్లటి మందు కూడా మెగ్నీషియమే. ఇక సెలీనియం గురించి ప్రకటనలు చాలా చెబుతాయి. ముక్కు గొట్టం ద్వారానో, నరం ద్వారానో నెలల తరబడి ఆహారం తీసుకునేవారు తప్ప మిగతావాళ్లు దాని గురించి బెంగపడక్కర్లేదు.

విరేచనాలు ఉధృతమైన రోజుల్లో మంచి మందు చవకైన ఓఆర్ఎస్ పొట్లమే. లీటరు నీటికి ఒక పొట్లం, అంతే. 1971లో బెంగాల్ సరిహద్దు శరణార్థి శిబిరంలో దిలీప్ మహలనబిస్ కలరా రోగులను కాపాడింది ఇలాంటి ద్రావణంతోనే. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంటుంది గాని ఉప్పు తక్కువ, అవి దీనికి బదులు కావు. అట్టపెట్టెల్లో వచ్చే తీపి పానీయాలు అసలే కావు. పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకోండి.

మందుల టైమ్‌టేబుల్

ఖనిజాల మాత్రలు ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. ఐరన్, కాల్షియం, జింకు ఒకే గుప్పిట్లో వేసుకుంటే మూడూ నష్టపోతాయి. అన్నీ కలిపిన ఖరీదైన మల్టీ మినరల్ గుళిక మీద నాకు నమ్మకం లేకపోవడానికి అదొక కారణం. థైరాయిడ్ మాత్రకు, ఐరన్ లేదా కాల్షియానికి నాలుగు గంటల తేడా ఉండాలి. ఐబీడీలో అప్పుడప్పుడు రాసే సిప్రోఫ్లాక్సాసిన్‌ను కూడా ఈ మాత్రలు పనిచేయనివ్వవు. ఇంట్లో ఇలా పెట్టుకోవచ్చు: లేవగానే థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నం అన్నంతో కాల్షియం, సాయంత్రం బ్రాంచి నుంచి వచ్చాక నిమ్మరసంతో ఐరన్, రాత్రి అన్నంతో రెండో కాల్షియం. జింకు రాసి ఉంటే దాన్ని ఏ పూటకు పెట్టాలో మందు రాసినవారినే అడగండి.

లోహ భస్మాలు వాడుతుంటే ఆ మాట డాక్టర్ దగ్గర దాచకండి. సరిగా తయారుకాని భస్మాల వల్ల ఒంట్లో సీసం చేరిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. సీసం కూడా రక్తహీనతే తెస్తుంది, కడుపునొప్పే తెస్తుంది; జబ్బు తిరగబెట్టిందనుకుని స్టెరాయిడ్ పెంచే ప్రమాదం ఉంది.

ట్రాన్స్‌ఫర్ మీద ఊరు మారినప్పుడు కొత్త డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సినవి నాలుగు కాగితాలు: చివరి కొలనోస్కోపీ రిపోర్టు, గత ఏడాది హిమోగ్లోబిన్, ఫెరిటిన్, సీఆర్‌పీ తేదీల వారీగా రాసిన పట్టిక, ఇప్పటిదాకా ఎక్కించిన ఐరన్ మొత్తం, స్టెరాయిడ్ ఎన్ని వారాలు వాడారో ఆ లెక్క. రక్తహీనత తగ్గిన తరువాత కూడా మొదటి ఏడాది మూడు నెలలకోసారి ఈ పరీక్షలు చేయించి ఆ పట్టికలో చేరుస్తూ ఉండండి. త్రైమాసికం గుర్తుపెట్టుకోవడం మన ఇళ్లలో ఎవరికీ కష్టం కాదు.